భోజనాల బల్ల కోసం యుద్ధం

పళ్ళ డాక్టరుగారి ఆదివారం ప్రణాళిక చాలా చిన్నది. ఎనిమిదింటికి సైనికుల డబ్బా పట్టుకుని బయల్దేరడం, పదింటికి లైబ్రరీ హాల్లో బొమ్మల యుద్ధం గెలవడం. ఈ రెండోది ఆయన వల్ల ఇంతవరకూ కాలేదు. ఐదేళ్ళుగా మొదటి ఆటలోనే ఓడి ఇంటికొస్తున్నారు.

"ఈసారీ ఓడితే భోజనాల బల్ల ఖాళీ చేస్తానన్నారు, గుర్తుందిగా?" అంది భార్య. రెండేళ్ళుగా ఆ బల్ల నిండా అట్టముక్కల కొండలు, బొటనవేలంత ప్లాస్టిక్ సైనికులు. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు.

"గుర్తుంది," అన్నారు డాక్టరుగారు.

మూడు నెలలు కూడికలూ తీసివేతలూ చేసి కూర్చిన సైన్యం అది. మొత్తం వంద పాయింట్లు మించకూడదు. రౌతుకి పది, కాల్బంటుకి ఐదు. అలా నలుగురు రౌతులూ పన్నెండు మంది బంట్లూ తేలారు. బంట్లు మధ్యలో నిలబడి శత్రువుని ఊరించాలి, రౌతులు ఎడమ నుంచి చుట్టుకుని వెళ్ళి జెండా లాక్కోవాలి. జాబితా అంపైరుకి ఇచ్చేశాక పోటీలు ముగిసేదాకా మార్చడానికి వీల్లేదు. ఇచ్చిన రోజు నుంచీ ఆయనకి కంటిమీద కునుకు లేదు.

ఆ ఉదయం మూత తీసి ఆరుసార్లు లెక్కపెట్టారు. ఏడోసారి భార్య డబ్బా లాక్కుని గుమ్మం పక్కన పెట్టింది. అక్కడే అచ్చం అలాంటిదే ఇంకో బూడిదరంగు డబ్బా ఉంది. కట్టుడు పళ్ళ కోసం తీసిన ఎనిమిది మంది దవడల అచ్చులు అందులో ఉన్నాయి. కాసేపటికి పళ్ళ ల్యాబు అతను వచ్చి ఒక డబ్బా పట్టుకెళ్ళాడు.

హాల్లో మూత తీస్తే పదహారు ప్లాస్టరు దవడలు డాక్టరుగారిని చూసి ఇకిలించాయి. వెంటనే ల్యాబు అతనికి ఫోను చేశారు.

"ఆ డబ్బా ముట్టుకోకు బాబూ!"

"వచ్చినవి వచ్చినట్టు ముందు మరిగే నీళ్ళలో వెయ్యమన్నది మీరే కదా సార్. వేసేశాను. మనుషులు కాస్త వంగారు. గుర్రాలే పూర్తిగా పడుకున్నాయి."

"నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే విసుక్కుంటారుగా సార్."

అంపైరుగా ఉన్న లెక్కల మాష్టారు నియమాల పుస్తకం తిరగేశారు. "బొమ్మ పాడైతే ఇంకో వస్తువు పెట్టుకోవచ్చు. అవతలివాళ్ళు ఒప్పుకోవాలి."

అవతలివాడు డ్రైవింగ్ స్కూలు యజమాని. కిందటేటి విజేత, గుబురు మీసం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. "పెట్టుకోండి డాక్టరుగారూ, కరవనంతవరకూ నాకేం ఇబ్బంది లేదు."

డాక్టరుగారు నాలుగు దవడల్ని రౌతులనుకుని ఎడమన పెట్టి, మిగతావి మధ్యలో పేర్చారు.

"దూరం ముందు పన్ను నుంచి కొలవాలి," అని తీర్పిచ్చిన మాష్టారు టేపుతో మధ్య వరుసలో ఒకచోట ఆగిపోయారు. "ఇదెవరిదండీ? ముందు నాలుగూ లేవు!"

చూడ్డానికొచ్చిన వాళ్ళంతా మీదకి వంగారు. యజమాని నవ్వు ఆగిపోయింది. మొదటి ఎత్తులోనే తన గుర్రాలన్నిటినీ తెచ్చి ఆ దవడ చుట్టూ దడి కట్టాడు.

"అన్నీ అటే ఎందుకండీ?" అడిగారెవరో.

"వ్యూహం," అన్నాడు మీసం మీద చెయ్యి తీయకుండా.

ఎడమ పక్క బోసిపోయింది. ఇందులో ఏదో మోసం ఉందని డాక్టరుగారికి ఒకటే భయం. గబగబా జరుపుతుంటే దవడలు టకటకలాడాయి. అయినా నాలుగూ చుట్టుకుని వెళ్ళి జెండా పట్టుకున్నాయి.

"గెలిచాను! బల్ల నాదే!" అని ఫోనులో అరిచారు.

"అయితే ఒళ్ళో కంచాలేనన్నమాట," అంది భార్య.

"తర్వాతి ఆట వచ్చే నెల. అందాకా ఇదే సైన్యం," అని గుర్తుచేశారు మాష్టారు.

హాలు ఖాళీ అయ్యాక యజమాని చెవి దగ్గరికొచ్చాడు. "ఆ బోసిది నాదండీ. బుధవారానికి పళ్ళు పెడతానన్నారు కదా?"

తనెలా గెలిచారో డాక్టరుగారికి అప్పుడర్థమైంది. సిగ్గేసింది. అయినా డబ్బాని గుండెకి ఇంకాస్త గట్టిగా హత్తుకున్నారు. "రేపు రండి, ఇంకో అచ్చు తీస్తాను. ఇది ఇప్పుడు మా కాల్బంటు."

మర్నాడు ఎనిమిది మంది రోగులూ మళ్ళీ వచ్చి నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. ఎందుకో వాళ్ళలో ఒక్కరికే తెలుసు.