నేరేడు చెట్టు చుట్టూ గట్టు

ఆ పొద్దున అహరోను మేష్టారి పథకం చాలా చిన్నది. వట్లూరులో ఇల్లు కట్టబోయే స్థలంలోకి కంకర లారీ వచ్చేలోగా నేరేడు చెట్టుకు రక్షణగా ఏదైనా కట్టించాలి, ఇంటికి వెళ్లి పెసరట్టు తినాలి. సొంత ఇంటి కల ఆయనదే అయినా చెట్టు మాత్రం భార్య విక్టోరియాది. స్థలం కొన్న రోజున వాళ్లమ్మ నాటింది. ఇప్పుడు అమ్మ లేదు, చెట్టుంది. "ఒక్క కొమ్మ విరిగినా నేనా ఇంట్లో అడుగు పెట్టనండి," అని విక్టోరియా నెమ్మదిగా చెప్పింది. ఆమె గట్టిగా అరిచినప్పుడు మేష్టారికి ఎప్పుడూ భయం వేయలేదు.

"కొండబాబూ, వేళ్ల మీద కంకర పడకూడదు. సిమెంటు కడిగిన నీళ్లు అటు పోకూడదు. కొమ్మలు పరుచుకున్నంత మేరా కాపాడాలి," అని మేస్త్రికి అప్పగించారు.

"నాకొదిలేయండి మేష్టారూ," అన్నాడు కొండబాబు. మొన్నటిదాకా కొల్లేరులో చేపల చెరువుల మీద బతికినవాడు. దేన్ని కాపాడాలన్నా అతనికి తెలిసిన పద్ధతి ఒకటే.

మేష్టారు పెసరట్టు తిని తిరిగి వచ్చేసరికి చెట్టు చుట్టూ మోకాలెత్తు గట్టు, గట్టు లోపల నిండుగా నీళ్లు, పైన వల.

"సిమెంటు నీళ్లు గట్టు దాటవండి. నీళ్లు చూస్తే లారీవాడు ఇటు తిప్పడండి. వల అంటారా, అలవాటండి."

మేష్టారి గుండె ఉప్పొంగింది. ఆ సంబరం పక్క స్థలం నిత్యానందం గారు తొంగి చూసేవరకే నిలిచింది.

"ఇళ్ల మధ్య చేపల చెరువేంటండీ? దోమలు రావా?"

"చెట్టు కోసమండి."

"అలాగే చెబుతారు లెండి," అంటూ ఆయన ఫోను తీశాడు.

ఇక చూడాలి. వీధి వీధంతా గట్టు మీదికి ఎక్కింది. చేపల మేత అమ్మే ఆయన మోటారు సైకిలు దిగకుండానే "ఏ రకం వేస్తున్నారండి?" అని అడిగాడు. ఇంకెవరో లీజుకిస్తారా అన్నారు. నిత్యానందం గారి ఫోను పుణ్యమా అని మధ్యాహ్నానికి మత్స్యశాఖ అధికారి జీపూ, దాని వెనకే పొక్లెయినూ దిగాయి.

"చెరువు కాదండి బాబూ. ఒక్క చేప ఉంటే చూపించండి," అన్నారు మేష్టారు ధీమాగా.

అధికారి వల ఎత్తాడు. నీళ్లలో చేపపిల్లలు చకచకా ఈదుతున్నాయి.

కొండబాబు తల గోక్కున్నాడు. "దోమలొస్తాయని నిత్యానందం గారన్నారు కదండీ. పిల్లలు వేస్తే దోమ గుడ్లు తినేస్తాయని మా బావమరిదిని తెమ్మన్నానండి."

"అనుమతి లేని చెరువు. గండి కొట్టండి," అన్నాడు అధికారి.

పొక్లెయిను చెయ్యి నేరేడు కొమ్మల మీదికి లేచింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర విక్టోరియా ఆటో దిగింది. మేష్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. ముప్పై ఏళ్లు పిల్లలకు నిజమే చెప్పమని నేర్పిన మనిషి చేతులు చాచి చెట్టుకు అడ్డం నిలబడ్డారు.

"ఇది కొత్త చెరువు కాదండి. మా అత్తగారి కాలం నుంచీ ఉందండి."

అధికారి చెయ్యెత్తి యంత్రాన్ని ఆపించాడు. గట్టు చూశాడు, చేపల్ని చూశాడు. ముఖంలో గౌరవం కనిపించింది.

"ముందే చెప్పొద్దూ మేష్టారూ. పాత చెరువును ముట్టుకోవడానికి వీల్లేదు."

మేష్టారికి గెంతాలనిపించింది.

"దీని పక్కన ఇల్లు కట్టడానికీ వీల్లేదు. మీ ప్లాను రద్దు చేయిస్తాను," అని చెప్పి అధికారి జీపెక్కాడు.

విక్టోరియా వల తప్పించి చెట్టు మొదలు నిమిరింది. కళ్లు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. "ఒక్క కొమ్మ కూడా విరగలేదండి. ఇక సంతోషంగా ఇంట్లో అడుగు పెడతాను."

ఏ ఇంట్లోనని మేష్టారు అడగలేదు.