నీలం బిందెకి కార్డు వచ్చింది

నీళ్ళ కొరత ఎక్కడైనా ఉంటుంది గానీ, దాన్ని ఇంత పద్ధతిగా, ఇంత మర్యాదగా నడుపుకుంటున్న పేట మాత్రం మాదొక్కటే. ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తుంది. (వస్తుందని బోర్డు మీద రాసి ఉంది. బోర్డు మాత్రం రోజూ ఉంటుంది.) లైన్లో మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. మనుషులు ఇళ్ళకెళ్ళి పనులు చూసుకుంటారు. బిందెని దాటించి బిందె పెట్టిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

ఆమధ్య నీటి వాటాల శాఖ నుంచి లెక్కల మనిషి వచ్చాడు. ఎండకి కళ్ళు తిరిగాయో ఏమో, లైన్లో బుద్ధిగా నిలబడ్డవాళ్ళని కూడా రాసుకుపోయినట్టున్నాడు. కార్డు వచ్చేసరికి మా ఇంట్లో నలుగురం: మావారు, అత్తయ్య, నేను, నీలం బిందె. తొమ్మిది నెలల మా పాప లేదు.

"పోనీలే, తలకో బిందె నీళ్ళు. ఆ బిందె వాటా పాపకి వాడదాం" అన్నారు మావారు.

కుదరదట. ఎవరి వాటా వాళ్ళే వాడాలి. బిందె వాటా బిందెలోనే ఉండాలి. వారం వారం తనిఖీ మనిషి వచ్చి పుల్ల ముంచి చూస్తాడు. వేలెడు తగ్గినా, తోటి సభ్యురాలి నీళ్ళు కాజేసినట్టు లెక్క.

పోయిన నెల పాపకి విరేచనాలు పట్టుకుంటే, నీళ్ళు కాచి చల్లార్చి పట్టమని నర్సమ్మ మరీ మరీ చెప్పింది. మా మూడు బిందెలూ వంటకీ, పాప గుడ్డలకీ చాలడం లేదు. నాలుగోది మూలన నిండుగా కూర్చుని నావంకే చూస్తోంది. ఆగలేక పాపని చంకనేసుకుని, అత్తయ్యని వెంటబెట్టుకుని ఆఫీసుకి పరిగెత్తాను.

"సార్, బిందెని తీసేసి మా పాపని రాయండి."

"ఉన్న సభ్యురాలిని ఎలా తీసేస్తామమ్మా?" అన్నాడు వాటాల ఆఫీసరు, సీసాలో నీళ్ళు ఓ గుక్క తాగి. పాప ఆ సీసా వైపు చెయ్యి చాపింది.

"అది బిందె సార్!"

"లైన్లో ఒక్క రోజు మానలేదు. మీ పాపకి ఒక్క పూటైనా హాజరుందా?"

అత్తయ్య ఊరుకుంటుందా? "చిల్లు పడి చచ్చిపోయిందనుకో నాయనా!"

"డాక్టరు సర్టిఫికెట్ తెండి." (చిల్లు బిందెలకి మాట్లు వేసేవాడి సంతకం చెల్లదట. వాడు బంధువర్గం కిందకి వస్తాడట.)

నా మొహం చూసి జాలిపడ్డాడో, టిఫిన్ వేళయిందో గానీ, పద్నాలుగో నిబంధన తీశాడు. సభ్యురాలిని తీసేయడానికి వీల్లేదు గానీ, పాపనే నీలం బిందెగా నమోదు చేయొచ్చు. హాజరు మాత్రం తప్పకూడదు.

"చేసేయండి సార్" అన్నాను, ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని గబగబా.

ఇప్పుడు లైన్లో పాప కూర్చుంటోంది. ముందు ఎర్ర బకెట్, వెనక ఎదురింటి వదిన డబ్బా. బిందె నా చంకలో ఉంటోంది. పాప వాటా పాపకి వస్తోంది. కాచి, చల్లార్చి, వడగట్టి పడుతున్నాను.

నిన్న తనిఖీ మనిషి మిట్టమధ్యాహ్నం వచ్చి, ఎండలో కూర్చున్న పాప చుట్టూ ఓసారి తిరిగి, రిజిస్టరులో రాసుకుపోయాడు: "నీలం బిందె. సొట్టలు లేవు. కళ్ళ దగ్గర కొంచెం కారుతోంది."