కాదనలేని తుర్దుబాయ్

మర్నాడు ఎర్మెక్ తండ్రి తుర్దుబాయ్ పోయిన నలభయ్యో రోజు విందు. ఆ పొద్దున ఎర్మెక్ చేయవలసినవి రెండే పనులు: విందుకు ఎర్ర గుర్రాన్ని కోసేందుకు మనిషిని మాట్లాడటం, తల్లికి ఏదైనా తినిపించడం. భర్త పోయింది మొదలు బురుల్ గోడకేసి తిరిగి పడుకోవడమే తప్ప సరిగా తిండి ముట్టలేదు.

రెండో పనికి ఎర్మెక్ తానుండే బిష్కెక్ నగరం నుంచే ఉపాయం పట్టుకొచ్చాడు. తండ్రి ఫోన్‌లో పంపిన పాత మాటలన్నీ కృత్రిమ మేధకు వినిపిస్తే, అది అచ్చం ఆయన గొంతుతో బదులివ్వడం నేర్చుకుంది. ఆ ఫోన్ తల్లి పక్కన పెట్టాడు.

"బురుల్, లేచి కాస్త తిను," అంది ఫోన్.

ఆమె లేచి కూర్చుని, ఏడుస్తూనే రొట్టె, మీగడ తిన్నది. ఎర్మెక్ అప్పుడే ఫోన్ జేబులో వేసుకుని ఉంటే బాగుండేది. ఈలోగా చిన్నాన్న సతార్ వచ్చాడు. అన్న గొంతు విని గుమ్మంలోనే కూలబడ్డాడు గానీ, తేరుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అన్నయ్యా, ఎర్ర గుర్రం నాకిస్తానన్నావు, గుర్తుందా?"

"గుర్తులేకేం తమ్ముడూ. అది నీదే."

కబురు తెలిసి పొరుగింటి కెరిమ్‌బాయ్ పరుగున వచ్చి, ఆ గుర్రాన్నే తనకూ మాటిచ్చావు కదా అని అడిగాడు. ఇచ్చానంది ఫోన్. ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. అది యంత్రమనీ, ఎవరేమడిగినా సరేనంటుందనీ ఎర్మెక్ మొత్తుకున్నాడు.

"గుర్రం కోసం కన్నతండ్రినే కాదంటావేంట్రా?" అన్నాడు సతార్.

ఎర్మెక్‌కు దిక్కు తోచలేదు. "నాన్నా, ఎవరికీ ఏమీ ఇవ్వలేదని నువ్వే చెప్పు."

"నిజమేరా. ఎవరికీ ఏమీ ఇవ్వలేదు."

దాంతో కొట్టుకుంటున్న ఇద్దరూ ఎర్మెక్ మీద ఒకటైపోయారు. చచ్చినవాడికి పాఠం చెప్పే ఇంట్లో ముద్ద ముట్టేది లేదని గొడవ విని చేరిన ఊరి పెద్దలు కూడా లేచారు. ముందు తండ్రి పోయాడు, ఇప్పుడు పరువూ పోయిందని ఎర్మెక్ తల పట్టుకున్నాడు.

అప్పుడు బురుల్ వచ్చి ఫోన్ అందుకుంది.

"ఇన్నేళ్ల కాపురంలో నేను నిన్నెప్పుడైనా కష్టపెట్టానా?"

"ఏనాడూ లేదు బురుల్. నువ్వు మా ఇంటి వెలుగువి."

ఆమె అందరివైపూ తిరిగింది. "విన్నారుగా. ఈయన మా ఆయన కాదు. మా ఆయన నన్నొక మంచి మాట అనగా మీలో ఎవరైనా విన్నారా?"

ఎవరూ వినలేదు. సతార్ తన బూట్ల వంక చూసుకున్నాడు. పెద్దలు టోపీలు సర్దుకుని, రేపు వస్తామంటూ వెళ్ళిపోయారు.

ఎర్ర గుర్రాన్ని కోశారు, విందు సజావుగా జరిగింది. చుట్టాలు కదిలాక ఆ గొంతును చెరిపేద్దామని ఎర్మెక్ ఫోన్ తీశాడు. తల్లి చేయి చాచింది.

"అది నాన్న కాదని నువ్వేగా అన్నావమ్మా."

"కాదు గనకే అడుగుతున్నా. ఇటివ్వు."

ఫోన్ శాలువలో పెట్టుకుని, ఆమె గోడకేసి తిరిగి పడుకుంది. బతికున్న కొడుకుతో మళ్ళీ మాట్లాడింది ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయాకే.