ఎదురుకోళ్ళకు ఏడుపు బ్యాండు

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మామ ఈశ్వరయ్య ఒక పని అప్పగించడం చెన్నయ్యకు అదే మొదటిసారి. మరదలి పెళ్ళికి బ్యాండు తేవాలి. అంతే. తక్కిన పనులన్నీ పెద్దల్లుడివి.

"గీ ఒక్కటన్న సక్కగ చెయ్యి. మగపెండ్లోల్లు ఊరి మొదట్ల దిగంగనే ఎదురుకోళ్ళకు బ్యాండు మోగాలె," అన్నాడు మామ, మోగదని ముందే తెలిసినవాడిలా.

చెన్నయ్య శంషాబాద్‌లో వ్యాను నడుపుతాడు. ఆ పొద్దున అతని పథకం చిన్నదే. విమానం దిగే విదేశీ పాటగాళ్ళను పాల్మాకుల అవతలి రిసార్టులో, వేసవి సంగీతోత్సవం దగ్గర దింపాలి. వెనక్కి వచ్చి, ఎయిర్‌పోర్టు రోడ్డు మలుపులో నిలబడే బడంగ్‌పేట్ బ్యాండును ఎక్కించుకుని పాల్మాకులలో పెళ్ళికి చేరాలి. పేదవాడి పథకాలన్నీ చిన్నవే. చెడేటప్పుడు మాత్రం పెద్దగా చెడతాయి.

"వాళ్ళు బ్లూస్ పాడతారండీ," అంది ఫోన్లో, ఉత్సవం పనులు చూసే మాధవీలత.

"బ్లౌజులా మేడం?"

"బ్లూస్! బాధల పాటలు. వాళ్ళ తాతల కష్టాలన్నీ అందులో ఉంటాయి."

"గవి వినిపియ్యనీకె విమానంల రావాల్నా? మా ఇంట్ల రోజు వింట."

విమానం ఆలస్యంగా దిగింది. గిటారు పట్టుకున్న భారీ ముసలాయన, శాక్సఫోన్ మోస్తున్న పొడుగాటి ఆడమనిషి, డ్రమ్ములతో ఇంకొకాయన వ్యానెక్కారు. అప్పుడే బడంగ్‌పేట్ బ్యాండు మాస్టర్ రవీందర్ ఫోన్ చేశాడు.

"అన్నా, నువ్వు పంపిన బస్సు ఎక్కినం. ఏసీ బస్సన్నా! గింత ఇజ్జత్ ఎవ్వలియ్యలే!"

"నేను బస్సెప్పుడు పంపిన?"

"మ్యూజిక్ బ్యాండా అని అడిగిండ్రు, అవునన్న. మెడల కార్డులు గూడ ఏసిండ్రు." ఫోన్ కట్టయింది.

ఎర్రకోట్లు, బంగారు అంచులు చూసి, ఏదో దూరదేశపు కళాకారులనుకుని ఉత్సవం బస్సు వాళ్ళను ఎత్తుకుపోయింది. చెన్నయ్య తేరుకునే లోపే అత్త రాములమ్మ ఫోను.

"అల్లుడా, మగపెండ్లోల్లు దిగిండ్రు. బ్యాండు యాడున్నది?"

చెన్నయ్య అద్దంలో వెనక్కి చూశాడు. గిటారు, శాక్సఫోన్, డ్రమ్ములు.

"బండ్లనే ఉన్నదత్తమ్మా," అన్నాడు. అబద్ధం కాదు.

పాల్మాకుల మొదట్లోనే జనం వ్యాను ఆపేశారు. పూలదండలు, హారతిపళ్ళెం చూసి, ఇదంతా తమకు స్వాగతమనుకున్న ముసలాయన చేతులు జోడించుకుంటూ దిగాడు. పెళ్ళికొడుకు మేనమామ కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆడపెండ్లోల్లు ఫారిన్ బ్యాండు పెట్టిండ్రురో!" అని ఒక దండ ఆయన మెడలో వేశాడు.

ఈశ్వరయ్య అల్లుడివైపు చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు. ఉబ్బిపోయిన చెన్నయ్య, వాయించమని విదేశీయులకు సైగ చేశాడు.

ముసలాయన కళ్ళు మూసుకుని పాడాడు. అది పాట కాదు, పంట మునిగిన రైతు మూలుగు. వెనకాల శాక్సఫోన్ వెక్కివెక్కి ఏడ్చింది. పెళ్ళికూతురి నాయనమ్మ సత్తెమ్మకు ఆ భాష రాదు గానీ ఏడుపు వచ్చు. చుట్టుపక్కల ఎవరు పోయినా మొదట గొంతెత్తేది ఆవిడే.

"ఎవలో పోయిండ్రే!" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎట్ల పోతివిరో నా కొడుకో" అని రాగం అందుకుంది. శ్రుతి కలిసింది. పోయిందెవరో తర్వాత కనుక్కోవచ్చని తక్కిన ఆడవాళ్ళు ముందు ఏడ్చారు.

"ఎవలు పోయిండ్రు?"

"పాడెటోడు గా ముసలాయన గద, ఆయనకే తెల్వాలె."

"ముసలాయన పోయిండంట!"

మగపెళ్ళివారిలో ఆ రోజు రాని ముసలాయన ఒక్కడే. మోకాళ్ళ నొప్పితో కందుకూరులో ఉండిపోయిన పెళ్ళికొడుకు తాత. మేనమామ తలపాగా తీసేశాడు.

"మైల పడ్డది! పెండ్లి ఆపుండ్రి. బండ్లు మలుపుండ్రి!"

పెళ్ళికొడుకు కారు దిగి బోరుమన్నాడు. తన పాట ఇంత లోతుగా తాకిన శ్రోతలు ఎక్కడా దొరకలేదని ముసలాయన కరిగిపోయి, ఇంకో చరణం ఎత్తుకున్నాడు.

ఈశ్వరయ్య అల్లుడి కాలరు పట్టుకున్నాడు. "బ్యాండు తెమ్మంటే సావు తెచ్చినవేందిరా!"

చెన్నయ్యకు ఒక్కటే తోచింది. పెళ్ళికొడుకు చేతిలో ఫోను లాక్కుని, తాతకు కలిపి, స్పీకరు పెట్టాడు.

"ఏందిరా గా ఏడుపులు?" అరిచాడు తాత. "ఎవలు పోయిండ్రు? నాకెవ్వలు చెప్పలే!"

"నువ్వే తాతా!" అన్నాడు పెళ్ళికొడుకు.

"నేనెందుకు పోత? బువ్వ తింటున్న!"

ఊరు ఊరంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుకు డ్రమ్ములాయన చెయ్యి వేగం అందుకుంది. శాక్సఫోన్ ఏడుపు మాని గంతులేసింది. అందరికంటే ముందు ఎగిరింది మేనమామే. సత్తెమ్మ కళ్ళు తుడుచుకుని, పాడే ముసలాయన భుజం తట్టింది. "ఏడిస్తే నీ లెక్క ఏడ్వాలె బిడ్డా."

ఇంతలో మాధవీలత ఫోను. వ్యాను పని ఊడిందనుకునే చెన్నయ్య ఎత్తాడు.

"ఎవరండీ ఈ ఎర్రకోట్ల వాళ్ళు? తీన్‌మారట! కుర్చీల్లో ఒక్కరు కూర్చోవడం లేదు. సాయంత్రం దాకా నేను వదలను. మీవాళ్ళను నిదానంగా తీసుకురండి."

భోజనాల దగ్గర ఈశ్వరయ్య వచ్చి అల్లుడి పక్కన కూర్చున్నాడు. చాలాసేపు పప్పన్నం కలిపాడు.

"బ్యాండు మంచిగనే ఉన్నది," అన్నాడు చివరికి. "నేను పోయిన్నాడు గూడ గీల్లనే పిలువు."

మామ అప్పగించిన ఈ రెండో పనిని మాత్రం సాధ్యమైనంత త్వరగా చెయ్యాలని చెన్నయ్యకు మనసయింది.