కిడ్నీ కాపలాదారులు

ఇతరుల ఆరోగ్యం గురించి తెలియనివారు ఒక్కరూ లేకపోవడం ఈ కాలపు మహాభాగ్యం! డాక్టర్లు ఏళ్ల తరబడి చదివి నేర్చుకున్నది మన బంధువులు పుడుతూనే వెంట తెచ్చుకున్నారు. అనుమానమున్న పాఠకులు మా వీధిలో గడియారాలు బాగుచేసే ఆయన సంగతి వినండి.

ఆయనకు కిడ్నీ మార్చారు. ఇచ్చింది భార్య. ఆపరేషన్ నిర్విఘ్నంగా జరిగింది. ఇంటికి వచ్చాకే అసలు వైద్యం మొదలైంది.

కొత్త కిడ్నీని శరీరం తోసిపుచ్చకుండా మాత్రలు వాడుతున్నారు కనుక, చర్మానికి ఎండ తగలకుండా జాగ్రత్తపడమన్నాడు డాక్టరు. అంతే, కర్టెన్లన్నీ మూతపడ్డాయి. పట్టపగలు లైటు కింద ఆయన గడియారాలు విప్పుతుంటే, మందుల వేళ తప్పిపోకుండా భార్య పక్కనే కూర్చునేది. ఎండ లేని ఇంట్లోకి విటమిన్ డి ఏ దారిన వస్తుంది? రక్తపరీక్షలో బాగా తగ్గిందని తేలింది. డాక్టరు వారానికో మాత్ర రాశాడు.

వారానికి ఒక్కటా! ఇంత పిసినారి వైద్యం చూసి ఆయన అక్కగారి మనసు చివుక్కుమంది. ఎముకల బలానికని రోజూ పాలలో ఏదో విటమిన్ డి పొడి కలపసాగింది. ఫోన్లో ఒక వీడియో చూసి జ్ఞానోదయమైన బాబాయిగారు అదే విటమిన్ చుక్కల మందు తెచ్చారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చేసిన మేలు చాటుకోవడం సంస్కారం కాదు కదా! భార్య ఇచ్చిన వస్తువు పాడైపోతుందేమోనన్న బెంగతో, ఎవరేమిచ్చినా ఆయన కళ్లు మూసుకుని మింగేవాడు.

కొన్నాళ్లకు ఆయనకు తీరని దాహం, ఆపైన వికారం. నీరసమని తీర్మానించి అక్కగారు పొడి పెంచింది, బాబాయిగారు చుక్కలు పెంచారు. ఒకసారి డాక్టరుకు చూపిద్దామన్నది భార్య ఒక్కతే.

"కిడ్నీ ఇచ్చావు, కాదనను. ఇచ్చాక అది మావాడిది. వాడికేం పెట్టాలో నువ్వు నాకు చెప్పక్కర్లేదు" అంది అక్కగారు.

భార్య చెప్పులేసుకుని భర్తను ఆసుపత్రికి బయలుదేరదీసింది. సలహా మండలి యావత్తూ వెంట నడిచింది.

రక్తంలో కాల్షియం మితిమీరింది, కిడ్నీ తడబడుతోంది. ఏమేం వాడారని డాక్టరు అడిగితే అక్కగారూ, బాబాయిగారూ సగర్వంగా ఒప్పుకున్నారు.

"విటమిన్ డి మందండీ, పంచదార కాదు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఈ కిడ్నీ దక్కేది కాదు" అన్నాడు డాక్టరు.

పొడి, చుక్కలు ఆగిపోయాయి, సెలైన్లు ఎక్కాయి, కిడ్నీ తేరుకుంది. ఇంటికి పంపించే రోజున డాక్టరు చూపు, మోకాళ్లు పట్టుకుని కుర్చీలోంచి లేస్తున్న భార్య మీద పడింది.

"ఆపరేషనయ్యాక మీరు పరీక్షలకి వచ్చారామ్మా?"

"రమ్మని ఎవరూ అనలేదండీ."

పరీక్ష చేస్తే ఆవిడ విటమిన్ డి, భర్తకు మొదట తేలినదానికన్నా అడుగున ఉంది. ఉండదూ మరి? మూసిన కర్టెన్లు ఇద్దరికీ ఒకటే. పాలు మాత్రం ఆయనకు.

అయినా బంధువులను నిందించడం అన్యాయం! ఆవిడ కిడ్నీని ఇంటిల్లిపాదీ కంటికి రెప్పలా కాపాడుకున్నారు. రెండోది, పాపం, ఆవిడ దగ్గరే ఉండిపోయింది.