ఉత్త చేతుల కొలువు

నవరాత్రి రిటర్న్ గిఫ్టుని ఆడిపోసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట. ఈ దేశంలో నిజమైన వైరాగ్యంతో బతికే వస్తువు అదొక్కటే!

నమ్మరా? రవిక గుడ్డనే తీసుకోండి. ఏ దర్జీ ముందు పరిచినా చేతులకు చాలదంటాడు. కాబట్టి ఎవరూ కుట్టించరు, ఎవరూ తొడుక్కోరు. మడత విప్పించుకోకుండానే అది మైలాపూరు వీధులన్నీ తిరిగొస్తుంది. సన్యాసులే ఏసీ పెట్టించుకుంటున్న ఈ రోజుల్లో ఇంతటి నిరాడంబరత ఇంకెక్కడ చూస్తాం?

అసలు ఆ గిఫ్టు సంచీ చేతిలో పెట్టడమంటే ఏమిటనుకున్నారు? "అమ్మా, ఇక దయచేయండి" అని నోరు విప్పకుండా చెప్పడం! వచ్చినావిడ బొమ్మలకు ఫోటో తీస్తుంది, సుండల్ గుగ్గిళ్లు డబ్బాలో పోయించుకుంటుంది, సంచీ అందుకుని ఇంకో కొలువుకు ఆటో ఎక్కుతుంది. మన సోఫా నలగదు. మన కష్టసుఖాలు ఎవరూ అడగరు. ఎంత హాయి!

ఇంత చక్కని ఏర్పాటును కనకవల్లి చెడగొట్టింది.

బ్యాంకులో ఆఫీసరు. తెలివితక్కువదేం కాదు. కాకపోతే మొన్న దుమ్ము దులుపుతుంటే ఏళ్ల తరబడి పోగైన గిఫ్టు బుట్టలన్నీ జారి నెత్తిన పడ్డాయి. మహానుభావులకు చెట్టు కింద అయ్యే జ్ఞానోదయం ఈవిడకు అటక కింద అయింది. బుట్టలన్నీ కూరలమ్మే పచ్చయమ్మకు ఇచ్చేసింది. ఆ మహాతల్లి వాటిలో వంకాయలు పెట్టింది! రిటర్న్ గిఫ్టును వాడుకోవడమా? ఎంత అపచారం!

అక్కడితో ఆగిందా? ఈసారి కొలువుకు తాంబూలం, సుండల్, అంతేనంది.

"వెరుం చేతుల్తో, ఏమీ ఇయ్యకుండా పంపిస్తే అసింగం మా, పరువు పోతుంది!" అని కూతురు జనని నెత్తీనోరూ కొట్టుకుంది.

"అలివేలు వచ్చి ఈడ కాసేపు కూర్చుంటే నాకదే చాలు" అంది కనకవల్లి. "ముందైతే పాట పాడకుండా లేచేదే కాదు."

అలివేలు చిన్ననాటి స్నేహితురాలు. ఉండేది పక్కవీధిలోనే. ఇద్దరూ కలిసేది మాత్రం ఏడాదికోసారి, సంచీలు మార్చుకోవడానికి.

ఆవిడ వచ్చింది. ఫోటో తీసింది. బొట్టు పెట్టించుకుని, తాంబూలం అందుకుని గుమ్మం దాకా వెళ్లి నిలబడిపోయింది.

"ఏందే కనకా, నా మీద కోపమా?"

"కోపమెందుకే?"

"మరి సంచీ ఇయ్యలేదే?"

"ఈసారి ఏం లేదు. సుమ్మా, ఊరికే వచ్చి కూర్చో."

పొమ్మనడానికి సంచీ లేకపోతే మనిషి ఎలా పోతుంది? అలివేలు కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో మొదలుపెట్టి మొగుడి గుండె ఆపరేషన్ దాకా వచ్చింది. అది జరిగి ఏడాది దాటింది!

"పక్కవీధిలో ఉండి నాకు ఒక్క మాట చెప్పలేదేమే?" కనకవల్లికి ఏడుపొచ్చేసింది.

"పోయినేడు ఈడికొచ్చినప్పుడు చెప్దామనే అనుకున్నా. నోరు తెరిచేలోగా నువ్వు సంచీ తెచ్చిస్తివి."

విన్నారా? సంచీ ఉండబట్టి కదా ఏడాదిపాటు కనకవల్లి మనసు ప్రశాంతంగా ఉంది! ఇప్పుడు చూడండి, ఇద్దరూ చేతులు పట్టుకుని బొమ్మల ముందే కళ్లు తుడుచుకోవడం.

ఆపైన అలివేలు పాట ఎత్తుకుంది. శ్రుతి ఎన్నూరులో, తాళం అంబత్తూరులో. వెనక వచ్చినవాళ్లూ సంచీ కోసం చూసి చూసి కూర్చుండిపోయారు. కుర్చీలు చాలక చాపలు పరిచారు. ఇంటాయన యతిరాజులు కంచం పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి తినాల్సొచ్చింది.

సామాన్లు తగ్గిస్తే ఇల్లు ఖాళీ అవుతుందని ప్రచారం చేసే పెద్దమనుషులారా, ఇదేనా ఖాళీ? ఇల్లంతా మనుషులే! అయ్యా, అమ్మా, మీకు దండం పెడతాను, మాడవీధికి వెళ్లి తలా ఒక డజను బుట్టలు కొనుక్కోండి. ఇది అంటువ్యాధి.

ఎందుకంటారా? చెప్పులు వేసుకుంటూ అలివేలు ఎంత మాటందో వినండి:

"రేపు మా ఇంటికి రావే కనకా. నీకేమీ ఇయ్యను, చూసుకో!"