అత్తగారి చేలో పాతది

ఆ ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా సాదాసీదాది. ముందు అత్తగారికి ఫోన్ చేసి విషయం చెప్పాలి. మధ్యాహ్నానికి తవ్వే యంత్రాన్ని ఆవిడ క్యాబేజీ చేలో దింపాలి. వానలు పడకముందే పాత మురుగునీటి గొట్టం పక్కన కొత్త గొట్టం వేసెయ్యాలి. ఆ పాతది నెలకోసారి ఎక్కడో ఒకచోట పగిలి, ఎవరో ఒకరి పొలాన్ని ముంచుతోంది. ఈసారి పగిలితే ఉద్యోగానికే ఎసరు వచ్చేలా ఉంది.

"మా అమ్మ దగ్గర మురుగు అనే మాట మాత్రం ఎత్తకండి," అని భార్య హెచ్చరించింది. "ఆవిడ సంగతి మీకు తెలుసుగా. ఆ మాట చెవినపడితే రెండు పూటలు అన్నం ముట్టదు. తన చేను కింద అలాంటిదొకటి ఉందని ఎవరన్నా అంటే ఆ మనిషితో మాట్లాడదు."

"మరి ఏమని చెప్పను?"

"పేరెత్తకుండా పైపైన చెప్పండి. ఊరంతా దాని గురించే అనుకుంటున్నారు, ఆవిడకి అర్థమవుతుంది."

ఇంజనీరు గొంతు సవరించుకుని ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, మీతో ఒక మాట చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీడం లేదు."

"చెప్పు నాయనా."

"ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాం. ఇంక నావల్ల కావడం లేదు. అది బాగా పాడైపోయింది. ఎప్పుడు బద్దలవుతుందో తెలీదు. ఒకచోట సర్దితే ఇంకోచోట పొంగుతుంది. చుట్టుపక్కలవాళ్లు నన్ను తిట్టిపోస్తున్నారు."

అవతల కొడవలి కింద పెట్టిన చప్పుడైంది.

"దానిది ముందునుంచీ అంతేలే బాబూ," అంది అత్తగారు నీరసంగా. "చూసీ చూడనట్టు పోవాలి."

"చూసీ చూడకే ఇంతదాకా వచ్చింది. అందుకే కొత్తదాన్ని తెస్తున్నాను. ఆఫీసులో అందరూ ఒప్పుకున్నారు."

"మరి... పాతది?"

"దాన్ని ఎక్కడికీ పంపక్కర్లేదండి. మీ చేలోనే మట్టి కప్పేస్తాం. మధ్యాహ్నానికి మనుషులొస్తారు. మీకే ఇబ్బందీ లేకుండా చూసుకుంటాను."

ఫోన్ కట్టయింది. గొడవ పడకుండా ఒప్పుకుందని ఇంజనీరు పొంగిపోయి, ఈల వేసుకుంటూ బయలుదేరాడు.

అత్తగారు మాత్రం వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

"అల్లుడు చెప్పాడే. నీకు తెలుసా?"

"తెలుసమ్మా. నీకెలా చెప్పాలో నేర్పింది నేనేగా. నువ్వు అడ్డు పడకు. అందరి మంచికోసమే కదా."

"నీకు భయం లేదూ?"

"భయం దేనికి? కొత్తదొస్తే నాకూ సుఖమే. ఆయన వేళకి ఇంటికొస్తారు. మధ్యాహ్నం నేనూ చేను దగ్గరికి వస్తున్నా."

"నువ్వు రాకే తల్లీ."

"భలేదానివే. నేను లేకుండా ఎలా మొదలుపెడతారు? కొబ్బరికాయ కొట్టాల్సింది నేనే."

ఎదురుగా అప్పుడే కోసిన క్యాబేజీలు కనబడుతుంటే అత్తగారికి అవన్నీ తలకాయల్లా తోచాయి. ఆవిడ తన తమ్ముడికి, అంటే కూతురి మేనమామకి, ఫోన్ చేసింది. ఎవరింట్లో తగువొచ్చినా ఇస్త్రీ తెల్లచొక్కా తొడుక్కుని ముందు నిలబడే మనిషి ఆయన. గంట తిరక్కుండా ట్రాక్టరు ట్రక్కు నిండా బంధువులను ఎక్కించుకుని చేను గట్టుమీద దిగాడు. ఇంజనీరు అక్కడ తవ్వే యంత్రం పక్కన నిలబడి ముగ్గుపిండితో నేలమీద పొడుగాటి గీత గీయిస్తున్నాడు.

"అక్కయ్యతో నువ్వన్నది నిజమేనా?" అన్నాడు మేనమామ.

అత్తవారి తరఫు పెద్దమనిషి కదా, ఈయన దగ్గరా మాట జాగ్రత్తగా వాడాలనుకున్నాడు ఇంజనీరు. "నిజమే బాబాయిగారూ. ఆలస్యం చేస్తే అందరికీ కంపే."

"ఆ కొత్తది ఎక్కడుంది?"

"లారీలో వస్తోందండి. నల్లగా నిగనిగలాడుతూ భలేగా ఉంటుంది. ఎంత ఒత్తిడైనా తట్టుకుంటుంది. ఊరంతటి భారం ఇదొక్కటే మోస్తుందనుకోండి."

"ఊరంతటిదీనా?"

"పక్క ఊరివాళ్లు కూడా కలుపుకోమంటున్నారు. పైవాళ్లు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదు."

మేనమామ మట్టిబెడ్డ మీద కూలబడ్డాడు. తగువులు చాలా తీర్చాడు గానీ, ఇలాంటిది ఆయన అనుభవంలో లేదు. కాసేపటికి తేరుకుని, దారికడ్డంగా ట్రాక్టరు పెట్టమని బంధువులను పురమాయించాడు.

అప్పుడే లారీ వచ్చింది. వెనకంతా టార్పాలిన్ కప్పి ఉంది. బంధువులు దాన్ని చుట్టుముట్టారు.

"లోపల ఎవరు?" అని డ్రైవరును నిలదీశాడు మేనమామ.

"ఎవరూ లేరండి. ఒకదాంట్లో ఒకటి దూర్చి కట్టాం."

ఈ మాటకి బంధువులు కర్రలు పట్టుకుని లారీ ఎక్కబోయారు. చేలో తవ్వే యంత్రం మీద కూర్చున్నవాడు అది చూసి, కొట్లాట తనమీదికే వస్తోందనుకుని, కంగారుగా యంత్రాన్ని వెనక్కి తిప్పాడు. దాని తొట్టి దభీమని నేలలో దిగింది. లోపల్నుంచి గుర్రుమని ఒక శబ్దం వచ్చింది. తరువాత ఊరంతా వదిలించుకున్నదంతా ఒక్కసారిగా ఆకాశానికి లేచి, మేనమామ తెల్లచొక్కాను వెతుక్కుంటూ కిందికి దిగింది.

ఆ గందరగోళంలో లారీ మీద టార్పాలిన్ తొలగి నల్లటి గొట్టాలు బయటపడ్డాయి. మేనమామ వాటినీ, ఇంజనీరునూ, తన చొక్కానూ మార్చి మార్చి చూశాడు.

"కొత్తదంటే ఇదా?"

"మరేమనుకున్నారు బాబాయిగారూ?"

ఆయన చెప్పాడు. వింటూ వింటూ ఇంజనీరు కూడా పక్క బెడ్డమీద కూలబడ్డాడు.

ఇంతలో స్కూటరు మీద భార్య దిగింది. అత్తగారు బురదలో పరుగెత్తుకెళ్లి కూతుర్ని కావలించుకుని బావురుమంది. ఆ వెంటనే సంతోషంతో అల్లుడి చేతులు పట్టుకుంది. "మురుగే కదా నాయనా, మురుగు గొట్టమే కదా. క్యాబేజీ పోతే పోయింది, నీ ఇష్టమొచ్చిన చోట తవ్వుకో."

కంపులో నిలబడే అందరూ పగలబడి నవ్వారు. ఒక్క భార్య నవ్వలేదు. జరిగిందంతా వివరంగా చెప్పించుకుని, తల్లివైపు తిరిగింది.

"పాడైపోయింది, పొంగుతుంది, చుట్టుపక్కలవాళ్లు తిట్టిపోస్తున్నారు అనగానే నీకు నేనే గుర్తొచ్చానా?"

"గుర్తులన్నీ సరిపోయాయే, ఏం చెయ్యను?" అంది అత్తగారు.

భార్య చూపు భర్తవైపు తిరిగింది. "మరి మీరైనా, అవన్నీ అంత తడుముకోకుండా ఎలా చెప్పగలిగారు?"

కొత్త గొట్టం గడువుకన్నా ముందే వేశారు. ఇంజనీరు సెలవురోజుల్లో కూడా చీకటిపడేదాకా చేను దగ్గరే ఉన్నాడని పైఅధికారి అందరి ముందూ మెచ్చుకున్నాడు గానీ, ఇంటికెందుకు పోవడం లేదని మాత్రం అడగలేదు.